రెండో గేటు టైము

బుధవారం పొద్దున నీలమ్మ రెండో గేటుకు వచ్చేసరికి రాజయ్య చేతి గడియారంలో ఆరూ యాభై రెండయింది. ఆమె ఫోను ట్రేలో పెట్టింది. రాజయ్య రిజిస్టరులో ఆమె పేరు రాసి, పక్క గడిలో 6:52 అని వేసి, పుస్తకాన్ని ఆమె వైపు తిప్పాడు. ఆమె సంతకం చేసింది. తరువాత చూపుడు వేలిని కొంగుకు తుడుచుకుని గోడకు బిగించిన వేలిముద్ర మిషను మీద పెట్టింది. ఎర్ర లైటు వచ్చింది. ఫినాయిలుకు అరిగిన వేళ్లను ఆ మిషను ఒకేసారికి ఒప్పుకోదు. రెండోసారి పెట్టింది. పచ్చ లైటు వెలిగింది.

"ఇయ్యాలన్న టైము సక్కగ ఎక్కుతదో లేదో," అంది నీలమ్మ.

"ఎందుకెక్కదు? ఇంక ఎనిమిది నిమిషాలున్నది," అన్నాడు రాజయ్య.

మాదాపూర్‌లోని ఆ ఐటీ భవనంలో హౌస్‌కీపింగ్ వాళ్లు పందొమ్మిది మంది. సెల్లారు ర్యాంపు పక్కనున్న ఈ గేటు నుంచే లోపలికి పోవాలి. వాళ్ల ఫోన్లు లోపలికి పోకూడదు కనుక ఇక్కడ అప్పజెప్పి సంతకం పెట్టాలి. ఆ రిజిస్టరు గేటు గార్డు రాజయ్యది. రెండేళ్లుగా పొద్దున డ్యూటీ కూడా అతనిదే. బల్ల మీద విజిటర్ పాసులు అచ్చువేసే పాత కంప్యూటరు ఒకటుంది. దాని మూలన టైము కనిపిస్తూ ఉంటుంది. రాజయ్య రిజిస్టరులో ఎప్పుడూ ఆ టైము రాయడు. ఇంటి నుంచి బయలుదేరే ముందు ఫోను చూసి టైము దిద్దుకుని చేతి గడియారానికి కీ ఇచ్చుకుంటాడు. దాని టైమే రాస్తాడు.

వేలిముద్ర మిషను సోమవారం వచ్చింది. మిషనుతో పాటు ఒక రూలూ వచ్చింది. డ్యూటీ ఏడింటికి. ఏడు దాటితే లేటు. నెలలో మూడు లేట్లు పడితే ఆ మనిషి రిజర్వులోకి పోతుంది. రిజర్వు అంటే పిలిచేదాకా ఇంట్లో కూర్చోవడం. రిజర్వు పాత పద్ధతే, అందులోకి పోయి పిలుపు వచ్చినవాళ్లు ఇప్పటిదాకా ఎవరూ లేరు.

తొమ్మిదింటికి సూపర్‌వైజర్ మౌనిక ముందురోజు లిస్టు తెచ్చి గేటు గోడకు అతికించింది. చందానగర్ నీలమ్మ పేరు ఎదురుగా సోమవారం 7:05, మంగళవారం 7:02 అని ఉంది. రెండూ ఎర్ర అక్షరాలు. చెత్త సంచులు దించడానికి కిందికి వచ్చిన నీలమ్మ లిస్టు ముందు నిలబడి వేలితో గీతను పట్టుకుని రెండుసార్లు చదివింది.

"మేడమ్, నిన్న నేనొచ్చినప్పుడు నా ఫోన్ల ఏడు గాలె."

"మీ ఫోన్ల టైము మీది నీలమ్మా. సిస్టం టైము కంపెనీది."

"చందానగర్ల మొదటి బస్సే నాది. అంతకంటె ముంగట బస్సు లేదు. కొత్తగూడల దిగి ఆటో పట్టుకొని ఉరుక్కుంట వస్తున్న."

"అందరు వస్తలేరా?"

"అందరు ఈడ్నే ఉంటరు మేడమ్. నడిచొస్తరు."

రాజయ్య కుర్చీలోంచి లేచాడు. "మౌనికమ్మా, నేను గూడ రాసిన. నిన్న ఆరు యాభై ఒకటి. నా వాచీల చూసి రాసిన."

మౌనిక నవ్వింది. "మీ వాచీ పట్టుకపోయి క్లయింటుకు సూపియ్యాల్నా రాజన్నా? మిషను చెప్తున్నది ఏడు రెండు అని. మిషనుకు నీలమ్మ మీద పగ ఉంటదా?"

ఆమె టేపు చుట్ట చేతికి తొడుక్కుని వెళ్లిపోయింది. నీలమ్మ చెత్త సంచి మూతి మళ్లీ ముడి వేసింది. అది అప్పటికే ముడి వేసి ఉంది.

"ఇయ్యాల్టిది గూడ గట్లనే వస్తే మూడు, అన్నా," అంది.

"రాదు. ఆ మిషను ఏందో నేను చూపిస్త," అన్నాడు రాజయ్య.

డెస్క్‌టాప్ సపోర్టులో పనిచేసే వేణు మధ్యాహ్నం టీకి ఆ గేటు నుంచే బయటికి వస్తాడు. ఇరవై ఆరేళ్లవాడు. కరీంనగర్ దిక్కు మనిషి. మెడలో కాంట్రాక్టు వాళ్ల పసుపు ట్యాగు. రాజయ్య అతని దారికి అడ్డం నిలబడ్డాడు.

"బిడ్డా, జర ఈ వేలి మిషను చూడు. అబద్ధం చెప్తున్నది."

"ఏం చెప్పింది కాకా?"

"ఆరు యాభై ఒకటికి వచ్చిన మనిషిని ఏడు రెండుకు వచ్చింది అంటున్నది. ఆడోళ్లు పరేషాన్ అయితున్నరు. నీలమ్మ పేరు కొట్టేస్తరట."

వేణు మిషను కింద వంగి వైరు ఎటు పోతుందో చూశాడు. వైరు గోడ వెంబడి వచ్చి బల్ల వెనక పాత కంప్యూటరులో దూరింది.

"మిషనుది తప్పు లేదు కాకా. వేలు ఎవరిదో చెప్పుడు వరకే దాని పని. టైము వేసేది ఈ కంప్యూటరు."

రాజయ్య కంప్యూటరు వైపు చూశాడు. "మిషనుకు పైనుంచి టైము రాదా? కంపెనీ నుంచి?"

"రాదు. దీన్లకెల్లే తీసుకుంటది." వేణు తెర మూలన చూశాడు. 2:41. జేబులోంచి ఫోను తీశాడు. 2:30. "అగో. పదకొండు నిమిషాలు ముంగటున్నది."

రాజయ్య చేయి దానంతటదే రిజిస్టరు మీదికి పోయింది. అక్కడే ఆగింది.

వేణు కుర్చీ లాక్కుని కూర్చుని మౌసు తిప్పాడు. "గడియారం ఆటోమేటిక్ అనేది ఆఫ్ చేసి ఉన్నది. ఎవరో చేతితోని టైము పెట్టిన్రు."

"ఆటోమేటిక్ అంటే?"

"కంప్యూటర్ల ఉండే గడియారం గూడ మన గోడ గడియారం లెక్కనే కాకా. దాని మానాన దాన్ని ఇడిచిపెడితే ముందుకో ఎనకకో జరుగుతది. అందుకని నెట్ల టైము సర్వర్లని ఉంటయి, వాటిని అడుగుతది. టైమెంత అని. అవి చెప్తయి. అడిగి జవాబు రానీకి పట్టిన జర్ర టైము గూడ లెక్క చూసుకొని తనది దిద్దుకుంటది."

"ఎవరియి అవి?"

"యూనివర్సిటీలయి ఉన్నయి, కంపెనీలయి ఉన్నయి. ఉట్టిగనే ఇష్టం కొద్ది నడిపేటోళ్లు గూడ ఉన్నరు. అందరి కోసం పెట్టిన్రు. ఎవ్వరడిగినా చెప్తయి. మనం ఎవరమో వాటికి తెల్వది, అక్కర గూడ లేదు."

"అది తప్పు చెప్తే?"

"అందుకే నాలుగింటిని అడగమని పెడ్తం. మూడు ఒక్కతీరు చెప్పి ఒకటి వేరే చెప్తే, ఆ ఒకదాన్ని పక్కకు పెడ్తది." వేణు ఆటోమేటిక్ మీద నొక్కాడు. కాసేపు తిరిగి తెర మీద ఎర్ర గీత వచ్చింది. "అయితలేదు. ఈ గేటు లైనుకు బయటి సర్వర్ల తొవ్వ ఈ నడుమ మూసి పెట్టిన్రు. నెట్‌వర్కోళ్లకు రిక్వెస్ట్ రాయాలె. ఎందుకు తప్పయిందో కారణం గూడ రాయాలె. ఎవడు పెట్టిండో గని పదకొండు నిమిషాలు..."

"పదే," అన్నాడు రాజయ్య.

వేణు తల తిప్పాడు.

"నేను పెట్టింది పదే."

ర్యాంపు మీద కారొకటి దిగింది. రాజయ్య అలవాటుగా లేచి, నంబరు చూసి, గొలుసు తీసి, మళ్లీ వేసి వచ్చి కూర్చున్నాడు. అప్పుడు చెప్పాడు. ఎండాకాలంలో సాయంత్రం డ్యూటీ గార్డు పెద్దన్న, టైమైనా లోపలికి రాకుండా రోజూ బయట చాయ్ బండి దగ్గర నిలబడేవాడు. కిటికీలోంచి ఈ తెర చూసి, ఇంకా టైము ఉందిగా అనేవాడు. ఇంట్లో రాజయ్య భార్య గోడ గడియారాన్ని పది నిమిషాలు ముందుకు పెడుతుంది. అప్పుడే మనుషులు టైముకు కదులుతారని ఆమె లెక్క. రాజయ్య ఇక్కడా అలాగే చేశాడు. పాస్‌వర్డు తెర కింద చీటీ మీదే రాసి ఉంది. పెద్దన్న దారికి వచ్చాడు. మిషను తెచ్చి దీనికే తగిలిస్తారని అప్పుడెవరికి తెలుసు.

"పది పెట్టిన్నంటే పదే పెట్టిన బిడ్డా. పదకొండెట్లయింది?"

"ఎన్నడు పెట్టినవ్?"

"ఏప్రిల్ నెల."

"మూడు నెల్లు. ఆ పొద్దుటి నుంచి ఇది ఎవ్వరిని అడుగలె. రోజుకు అర సెకనో ముప్పావు సెకనో ఉరికింది. ఆ ఒక్క నిమిషం దానిది." వేణు గొంతు తగ్గించాడు. "ఇంకెవరికన్న చెప్పినవా?"

"లేదు."

"చెప్పకు. లోపల బోర్డు మీద గడియారాన్ని నడిపే చిన్న సెల్లు ఉంటది. అది వీకయిందని రాస్త. పాత డబ్బా, అందరు నమ్ముతరు. రేపటికి తొవ్వ తెరుస్తరు, టైము కరెక్టయితది."

"మరి నీలమ్మ లేట్లు?"

వేణు మౌసు మీద నుంచి చేయి తీశాడు. "అవి పోవు కాకా. సెల్లు వీకయితే ఏ పొద్దు ఎన్ని నిమిషాలు తప్పిందో ఎవరు చెప్తరు? రేపటి నుంచి సక్కగుంటది. పాతది పాతదే."

ఆ సాయంత్రం కొత్తగూడలో ఇంటికి వచ్చి రాజయ్య గోడ గడియారం కింద మంచం మీద కూర్చున్నాడు. ఆరున్నర చూపిస్తోంది. చేతి గడియారంలో ఆరూ ఇరవై. సెక్యూరిటీ ఏజెన్సీ ఇచ్చిన రూల్స్ కాగితం ట్రంకు పెట్టెలో ఉంది. తీయకపోయినా ఏడో నంబరు అతనికి నోటికి వచ్చు. క్లయింటు యంత్రాలను ముట్టినవారిని ఆ సైటు నుంచి తొలగిస్తారు. యాభై ఎనిమిదేళ్ల గార్డును ఇంకో సైటులో ఎవరూ తీసుకోరు. ఆ సంగతి కాగితంలో రాయలేదు, కానీ గార్డులందరికీ తెలుసు.

"గడియారం అట్ల చూస్తవేంది?" అంది భార్య, చిక్కుడుకాయల ఈనెలు తీస్తూ.

"ఇది ముందుకెందుకు పెట్టినవ్?"

"నీ కోసమే పెట్టిన. లేకుంటె నువ్వు లేస్తవా?"

రాజయ్య చిక్కుడుకాయల వైపు జరిగాడు. ఒక కాయ తీసుకుని తనూ ఈనె తీశాడు.

గురువారం తొమ్మిదింటికి లిస్టు వచ్చింది. బుధవారం, నీలమ్మ, 7:03. దాని కింద మౌనిక పెన్నుతో గీత గీసింది. సోమవారం నుంచి రావద్దని, అవసరమైతే ఫోను చేస్తామని నీలమ్మకు అక్కడే చెప్పింది. చెప్పేటప్పుడు లిస్టు వైపే చూసింది. "నా చేతుల లేదు నీలమ్మా. శుక్రవారం సాయంత్రం రవికిరణ్ సార్ సంతకం చేసి పంపిస్తడు," అని పైకి పోయింది.

నీలమ్మ బకెట్టు కింద పెట్టింది. మాపు గుడ్డను రెండు చేతులా పిండింది. నీళ్లు ఆగిపోయాక కూడా పిండుతూనే ఉంది.

"అన్నా, నా లాకర్ల చెప్పులు, టిఫిను డబ్బా ఉన్నయి. రేపు గాదు, శనివారం తీస్కపోత. సంచి ఏదన్న ఉంటే చూడు."

"నీలమ్మా, ఇటు రా."

అతను తెర వైపు చూపించాడు. చేతి గడియారం విప్పి దాని పక్కన పెట్టాడు. అంతా చెప్పాడు. ఏప్రిల్, పెద్దన్న, పది నిమిషాలు, చీటీ మీది పాస్‌వర్డు. ఆమె రెండు టైములనూ మార్చి మార్చి చూసింది.

"నువ్వా?" అంది.

"నేనే."

"ఇది నీ ఇంట్ల గడియారమనుకున్నవా అన్నా? మీ ఇంటిది ముందుకు పెట్టుకున్నా ఎనకకు పెట్టుకున్నా మీ ఇద్దరిదే నష్టం. మూడు దినాలు నేను మౌనికను ఎన్ని తిట్లు తిట్టుకున్ననో తెలుసా? బస్సు డ్రైవరును తిట్టిన. ఆటో ఆయనను జల్ది పోనీయమని గొడవ పెట్టుకున్న. నా కాళ్లల్లనే బలం పోయిందేమో అనుకున్న."

ఆమె మాపును బకెట్టులో వేసింది. కొన్ని అడుగులు వేసి తిరిగి వచ్చింది.

"ఆ పుస్తకంల నా టైము ఎంత రాసినవ్?"

అతను పేజీ తీశాడు. సోమవారం 6:54. మంగళవారం 6:51. బుధవారం 6:52. ప్రతి దాని పక్కన ఆమె సంతకం. ఆమె మూడింటినీ వేలితో తాకింది. గోడ మీది లిస్టు చూసి, పెదాలతో లెక్క పెట్టుకుంది.

"మూడిట్ల గూడ పదకొండే," అంది. తరువాత, "చెప్తే నీ నౌకరి ఏమైతది?" అని అడిగింది.

"నాకు తెల్వది."

"నేను చెప్పుమంటలేను," అంది నీలమ్మ. బకెట్టు ఎత్తుకుని లిఫ్టు వైపు పోయింది. చెప్పొద్దని కూడా అనలేదు.

రాజయ్య ఆ పూట ఖాళీ దొరికినప్పుడల్లా తెల్ల కాగితం మీద గీతలు కొట్టాడు. నీలమ్మది ఒక్కటే కాదు, పందొమ్మిది మంది పేర్లూ రాశాడు. రిజిస్టరులో టైము ఒక పక్క, లిస్టులో టైము ఇంకో పక్క, తేడా మూడో పక్క. వేలు పట్టక రెండు మూడుసార్లు పెట్టినవాళ్లకు పన్నెండు వచ్చింది. మిగతా అందరికీ పదకొండు. తేడా గడిలో అదే అంకె వరుసగా కిందికి దిగింది.

శుక్రవారం రెండున్నరకు పెద్దన్నను గేటులో కూర్చోబెట్టి, రిజిస్టరు చంకలో పెట్టుకుని నాలుగో అంతస్తుకు పోయాడు. లిఫ్టు దగ్గర వేణు కలిశాడు.

"కాకా, సెల్లు అని రాసి పెట్టిన. నీ కోసమే ఆపిన, సెండ్ కొట్టుడే ఉన్నది. మళ్ల ఆలోచించుకో."

"కొట్టకు," అన్నాడు రాజయ్య.

వేణు కూడా వెంట వచ్చాడు.

ఫెసిలిటీ మేనేజరు రవికిరణ్‌ది రాజమండ్రి. గార్డులను కూడా గారు అనే పిలుస్తాడు. బల్ల మీద మౌనిక పంపిన కాగితం ఉంది. సంతకం ఇంకా పడలేదు.

"రండి రాజయ్య గారూ. ఏంటి, పుస్తకంతో వచ్చారు?"

రాజయ్య కూర్చోలేదు. గేటులో నీలమ్మకు చెప్పిన మాటలే మళ్లీ చెప్పాడు. కాగితం బల్ల మీద పెట్టి, రిజిస్టరు తెరిచి పక్కన పెట్టాడు. రవికిరణ్ కళ్లద్దాలు పెట్టుకుని తేడా గడిని పై నుంచి కింది దాకా చూశాడు. మధ్యలో నాలుగు పేర్లు ఎంచుకుని రిజిస్టరులో వెతికి సరిచూశాడు. నాలుగూ సరిపోయాయి.

"మీ వాచీ మాత్రం కరెక్టని ఏంటండీ గ్యారంటీ?"

రాజయ్య చేయి చాపాడు. వేణు ఫోను పక్కన పెట్టాడు. ఇరవై సెకన్ల తేడా.

"ఫోను నెట్‌వర్క్ టైము మీద నడుస్తది సార్," అన్నాడు వేణు.

రవికిరణ్ కుర్చీలో వెనక్కి వాలాడు. "వేణూ, ఇది చెప్పకుండా ఇంకోలా పోయేది కదా? బ్యాటరీ అనో ఏదో?"

వేణు నేల వైపు చూశాడు.

"పోయేది సార్," అన్నాడు రాజయ్య. "గడియారం సక్కగయ్యేది. ఆమె లేట్లు అట్లనే ఉండేటివి."

"ఆవిడ మీకు చుట్టమా?"

"కాదు సార్. చందానగర్ ఆమె. పొద్దుగాల మొదటి బస్సుకు వస్తది."

రవికిరణ్ మౌనిక కాగితం దగ్గరికి లాక్కున్నాడు. తన చేతి గడియారం వైపు ఒకసారి చూసి, బల్ల మీది ఫోను వైపు చూసి, గడియారం కనబడకుండా చొక్కా చేతిని కిందికి లాగాడు. వేణుకు అది కనిపించింది. అందులో అయిదు నిమిషాలు ముందున్నట్టు అతనికి అనిపించింది కానీ బయటికి అనలేదు.

"చూడండి రాజయ్య గారూ. మీరు చేసింది తప్పు. మెమో ఇస్తాను. ఏజెన్సీకి కాపీ వెళ్తుంది. తీసెయ్యమని నేను రాయను, ఉంచమని రాస్తాను. ఇక వాళ్లిష్టం." మౌనిక కాగితం మీద అడ్డంగా గీత కొట్టి, పక్కన ఏదో రాసి సంతకం పెట్టాడు. "ఈ వారం లేట్లన్నీ, అందరివీ, రద్దు. రిజిస్టరు టైమే లెక్క. ఇంకో మాటండీ. రేపు పొద్దున ఆ పందొమ్మిది మందికీ మీరే చెప్పాలి. నేను చెప్పను, మౌనికా చెప్పదు."

"చెప్తా సార్."

"వేణూ, ఆ రిక్వెస్టులో నిజం రాయండి. నెట్‌వర్క్ వాళ్లతో నేను మాట్లాడతాను."

మూడున్నరకు తోవ తెరుచుకుంది. రాజయ్య డ్యూటీ అయిపోయినా ఇంటికి పోలేదు. వేణు కుర్చీ వెనక నిలబడ్డాడు. వేణు నాలుగు సర్వర్ల పేర్లు ఒకదాని కింద ఒకటి టైపు చేసి, ఆటోమేటిక్ మీద నొక్కాడు. తెర మూలన 3:47 అని ఉన్న అంకె 3:36 అయింది. చప్పుడు లేదు. లైటు లేదు. మూడు నెలలు మోసిన పదకొండు నిమిషాలు రెప్పపాటులో దిగిపోయాయి. రాజయ్య చేతి గడియారం చూసుకున్నాడు. దాన్ని ఇరవై సెకన్లు దిద్దుకున్నాడు.

"ఇగ నువ్వు ముట్టుకున్నా మళ్ల అదే సక్కగయితది కాకా. పాస్‌వర్డు గూడ మార్చిన," అన్నాడు వేణు, చీటీ చింపుతూ.

శనివారం ఏడింటికి ముందు ర్యాంపు దగ్గర పందొమ్మిది మంది వరుసగా నిలబడ్డారు. రాజయ్య టోపీ తీసి చేతిలో పట్టుకుని చెప్పాడు. రెండు నిమిషాలు పట్టింది. వెనక వరుసలోంచి ఒకామె, "నేను మూడు దినాలు పొయ్యి ఎలిగియ్యకుంటనే ఉరికొచ్చిన కాకా," అంది. అతను ఆమెకు తప్పయిందని చెప్పాడు. మౌనిక గోడ మీది పాత లిస్టులు గోటితో గీకి తీసింది. నీలమ్మ దగ్గర ఆగి, "సోమవారం రా," అంది. కొంచెం ఆగి, "ఆ పొద్దు నేనన్న మాట మనసుల పెట్టుకోకు," అని కూడా అంది.

"నీకు సంచి తెచ్చిన," అన్నాడు రాజయ్య, నీలమ్మతో. బల్ల కింద నుంచి మడత పెట్టిన గుడ్డ సంచి తీశాడు. "ఇగ అక్కర లేదు గదా."

"ఇటియ్యి. కూరగాయలకు పనికొస్తది," అంది నీలమ్మ.

ఆదివారం రాజయ్య ఇంట్లో స్టూలు వేసుకుని గోడ గడియారం దాకా చేయి చాపాడు. భార్య వంటింట్లోంచి, "దాన్ని ముట్టకు," అంది. అతను స్టూలు దిగాడు.

ఏజెన్సీ నుంచి ఆ రోజుకూ ఏ కబురూ రాలేదు.

సోమవారం మొదటి బస్సు దిగి, ఆటో పట్టుకుని, నీలమ్మ ర్యాంపు మీద పరుగున వచ్చింది. ఫోను ట్రేలో వేసింది. సంతకం పెట్టింది. వేలు కొంగుకు తుడుచుకుని మిషను మీద పెట్టింది. రెండోసారికి పచ్చ లైటు వచ్చింది. ఆ తరువాత ఏం చేయాలో తోచనట్టు ఒక క్షణం నిలబడింది.

"ఉరికొచ్చిన అన్నా. అలవాటయిపోయింది."

రాజయ్య ఫ్లాస్కు మూత విప్పి, మూతలో చాయ్ పోసి ఇచ్చాడు. ఆమె ర్యాంపు పక్క మెట్టు మీద కూర్చుని కాళ్లు చాపుకుంది. చెప్పులు విప్పి పక్కన పెట్టింది. గేటు బయట ఆఫీసు బస్సులు అప్పుడప్పుడే మలుపు తిరుగుతున్నాయి. చాయ్ సగం అయ్యాక అడిగింది.

"ఎంతయిందన్నా?"

రాజయ్య మణికట్టు పైకెత్తబోయాడు. ఆగాడు. తెర మూలకు చూశాడు.

"యాభై ఆరు," అన్నాడు. "ఇంక నాలుగు నిమిషాలున్నది. కూసో."